అరుగుతున్న సూర్యుడు

మరకు పట్టిన పాత నూనెను అంకెలాయన గుడ్డపేలికతో తుడుస్తున్నాడు. ఇత్తడి మర అంచున నూరు గాట్లున్నాయి. ఒక్కో గాటులో గుడ్డ కొస దూర్చి, గోటితో నొక్కి, లాగి, దానికంటిన నలుపును వెలుగులో చూసుకుని, తర్వాతి గాటుకు వెళ్లేవాడు. నూరూ పూర్తయితేగాని ఆయనకు తెల్లవారినట్లుండదు. ముప్ఫై నాలుగేళ్లుగా ఆ మరను తుడుస్తున్నాడు. అందులో ఇరవయ్యారేళ్లు, దాన్ని తిప్పే చెయ్యి పడిపోవాలని కోరుకుంటూ తుడిచాడు.

పొట్టి మనిషి. వంగి వంగి పనిచేయడంవల్ల మెడ ముందుకు సాగి ఉంటుంది. కుడికన్నుతో భూతద్దంలో చూసి చూసి ఎడమకన్ను సగం మూసుకునే ఉండిపోయింది. కోపంలో ఉన్నా, ఏడుస్తున్నా ఎదుటివాళ్లకు కన్నుకొడుతున్నట్లే కనిపిస్తాడు. వయసులో ఉన్నప్పుడు ఇందుకోసం ఒకటి రెండు చోట్ల చెంపదెబ్బలు కూడా తిన్నాడని వదిన ఇప్పటికీ ఆటపట్టిస్తుంది. వేధశాల కాగితాల మీద ఆయన ఉద్యోగం పేరు ఏదో పొడుగ్గా ఉందిగాని, చేసే పని మాత్రం అంకె చదవడం. అందుకే వాకిలి ఊడ్చే మనిషి మొదలుకుని పెద్దసారు దాకా అందరికీ ఆయన అంకెలాయనే.

ఆ గదిలో ఉన్న యంత్రాన్ని సూర్యమాపకం అంటారు. మామూలు దుర్భిణీకి ముందువైపు ఒక నిండు అద్దం ఉంటుంది. దీనికి ఆ అద్దాన్నే నడిమికి రెండుగా కోసి, రెండు సగాలనూ ఇత్తడి చట్రంలో పక్కపక్కన బిగించారు. మర తిప్పితే ఒక సగం రెండోదాన్ని ఒరుసుకుంటూ జరుగుతుంది. ఏ సగానికి ఆ సగం తన సూర్యుణ్ణి తాను చూపిస్తుంది కాబట్టి, గొట్టంలో కన్ను పెట్టినవాడికి ఇద్దరు సూర్యులు కనిపిస్తారు. ఆ ఇద్దరి అంచులూ ఒకదానికొకటి సరిగ్గా తగిలేదాకా మర తిప్పాలి. అప్పుడు సగాలు ఎంత జరిగాయో వెండి స్కేలు మీద చదివితే అదే ఆకాశంలో సూర్యుడి వెడల్పు. నల్లద్దం అడ్డుపెట్టుకుని గొట్టంలో చూసేది, మర తిప్పేది పెద్దసారు. ఆయన ‘ఆఁ’ అనగానే నిచ్చెన మీద నిలబడి, భూతద్దంలో స్కేలు చూసి, అంకె పైకి చదివి, పుస్తకంలో రాసేది అంకెలాయన. వెంట్రుకలో ఇరవయ్యో వంతు తేడా వచ్చినా పట్టిచ్చే యంత్రం అది. దాని ముందు నిలబడి అబద్ధమాడాలంటే గుండె కావాలి. అంకెలాయనకు ఆ గుండెను పగ ఇచ్చింది.

పొద్దున బయల్దేరుతుంటే వదిన క్యారేజీ చేతికిచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. డెబ్బై దాటిన మనిషి, నడుము వంగినా నాలుక వంగలేదు.

“పుస్తకం తీసుకున్నావా మరిదీ?”

“రేపు కదా వదినా వాళ్లొచ్చేది. రేపు తీసుకెళ్తాలే.”

“రేపటిదాకా నువ్వు నిద్రపోతావా, నేను నిద్రపోతానా? పట్టుకెళ్లి దగ్గర పెట్టుకో. ఇంట్లో ఉంటే నా కడుపులో కుంపటి పెట్టినట్టుంది.” ఆమె తన పాత చీర ముక్కలో చుట్టిన లావుపాటి పుస్తకాన్ని ఆయన చంకలో దూర్చింది. “మీ అన్నకు చేసింది ఆ ముసలాడి నోటితో చెప్పించు. అది చాలు నాకు. ఆ తర్వాత వాడు గంగలో దూకితేనేం.”

వదినకు ఆ మాట ఒక్కటే కావాలి. అంకెలాయనకు మాత్రం ఆ మాటా కావాలి, మనిషి కూలిపోవడమూ కావాలి.

అద్దాన్ని కోసింది ఆయన అన్నే. సానబెట్టి, మెరుగు పెట్టి, అంతా పూర్తయిన అద్దాన్ని మళ్లీ కొయ్యడమంటే కన్నబిడ్డ మెడమీద కత్తి పెట్టడమని అనేవాడు. నాలుగు నెలలు కోశాడు. పలచని రాగిరేకు చక్రం, గాజును అరగదీసే కురందపు పొడి, చుక్కచుక్కగా నీళ్లు. ఆ నాలుగు నెలలూ ఇంట్లో తలుపు గట్టిగా వేసినా ఒప్పుకోలేదు. చివరిరోజు రెండు సగాలూ విడిపోయినప్పుడు అంచుమీద ఆవగింజంత పెచ్చు కూడా లేవలేదు. వాటిని పక్కపక్కన పెడితే కోత ఎక్కడుందో వేలికి తెలియదు.

ఎనిమిదేళ్ల తర్వాత తుడవడానికని ఆ సగాలను కిందికి దించారు. అప్పట్లో పెద్దసారు నల్లని గడ్డంతో, నిటారుగా, పది మెట్లు ఒక్క ఊపున ఎక్కే మనిషి. అద్దాన్ని రెండు చేతులతో పట్టుకోవాలని చెబితే నవ్వి, ఒంటిచేత్తో ఎత్తి వెలుగులో చూశాడు. జారింది. కింద దళసరి గుడ్డ పరిచి ఉంది కాబట్టి ముక్కలు కాలేదుగాని, మూలన గోరంత పెచ్చు ఎగిరిపోయింది. విచారణ జరిగింది. కోతలోనే లోపముందని, పట్టుకోగానే అంచు రాలిందని పెద్దసారు చెప్పాడు. నిచ్చెనమీద నిలబడి అంతా కళ్లారా చూసిన అంకెలాయనను పిలిచి అడిగారు. “నేను చూడలేదండీ” అన్నాడు. అప్పుడప్పుడే ఖాయమైన ఉద్యోగం. నోరు తెరిస్తే అన్నతోపాటు తానూ రోడ్డునపడతానని భయపడ్డాడు. ఆ రెండు ముక్కలూ ఆయన గొంతులో ఈనాటికీ ముల్లులా ఉన్నాయి.

అన్నను తీసేశారు. చెయ్యి మంచిది కాదన్న పేరు పడ్డాక ఇంకే వేధశాలవాళ్లూ గాజు ఇవ్వలేదు. బస్సులు ఆగే చోట చిన్న బడ్డీ పెట్టుకుని, ముసలివాళ్లకు చదువుకునే కళ్లద్దాలు అరగదీసి ఇచ్చేవాడు. పదిహేనేళ్లు అలా బతికి, పదకొండేళ్ల కిందట పోయాడు. తమ్ముణ్ణి ఒక్కసారికూడా ‘నువ్వు చూశావు కదరా’ అని అడగలేదు. అడిగి, తిట్టి, కొట్టి ఉంటే బాగుండేది. అడగకపోవడమే అంకెలాయన కడుపులో నిప్పు పోసింది. తనమీద తనకున్న అసహ్యంకూడా పెద్దసారు ఖాతాలోకే తోసేసి, ఆ మొత్తానికి పగ అని పేరు పెట్టుకున్నాడు.

ఆ పగ తీరే దారి అనుకోకుండా దొరికింది. అద్దం జారిపడిన ఏడాదే ఒక మధ్యాహ్నం పరధ్యానంలో ఏడును మూడని చదివాడు. పెద్దసారు గొట్టంలోంచి తల ఎత్తకుండా “ఊఁ” అన్నాడు. అంతే. ఆ మనిషి సూర్యుణ్ణి చూస్తాడుగాని స్కేలును ఏనాడూ చూడడని, తన నోట ఏది వస్తే అదే సూర్యుడని అంకెలాయనకు ఆ క్షణాన తెలిసింది. అప్పటినుంచి ఏటా స్కేలుమీద ఒక గీతలో పదోవంతు చొప్పున తగ్గించి చదవసాగాడు. చదివిన అంకె వేధశాల పుస్తకంలో రాసేవాడు. కనిపించిన అంకె మాత్రం మనసులో పెట్టుకుని, ఇంటికెళ్లి రెండో పుస్తకంలో రాసుకునేవాడు. దొంగకైనా లెక్క తప్పకూడదు కదా.

నాలుగో ఏట పెద్దసారు కాగితాలు పట్టుకుని పిల్లాడిలా పరుగెత్తుకొచ్చాడు. సూర్యుడు అరిగిపోతున్నాడని కనిపెట్టాడు! ఆ తర్వాత ఉపన్యాసాలు, సన్మానాలు, బంగారు పతకం. పేపర్లో బొమ్మ వేశారు. సూర్యుడు ఎన్నాళ్లకు పూర్తిగా అరిగిపోతాడని జనం ఉత్తరాలు రాస్తే ఓపిగ్గా జవాబిచ్చేవాడు. వీధి మూలమీది దర్జీకూడా ఎండ తగ్గిందంటూ తలాడించేవాడు. అంకెలాయన నిచ్చెనమీద నిలబడి అంతా చూసేవాడు. ఎక్కనీ, ఇంకా పైకి ఎక్కనీ, పడినప్పుడు ఎముక కూడా మిగలకూడదు అనుకునేవాడు.

పదిహేడేళ్లు సాఫీగా జరిగాక ఒక వింత మొదలైంది. స్కేలుమీద కనిపించే అసలు అంకె తగ్గసాగింది. రెండు మూడు నెలల్లోనే అది తాను చదివే అబద్ధపు అంకెతో సమానమైంది. ఆనాటినుంచి తొమ్మిదేళ్లుగా ఆయన అబద్ధమాడవలసిన అవసరమే రాలేదు. ఉన్నదున్నట్లు చదివితే చాలు, రెండు పుస్తకాల్లోనూ ఒకే అంకె పడేది. మర విప్పి చూశాడు. స్కేలు కడిగాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కొన్ని రోజులు వీధిలో నడుస్తూ తల ఎత్తి ఎండవంక భయంగా చూసేవాడు. తన నోటివాక్కు తగిలి నిజంగానే అరిగిపోతున్నాడేమో. ఈ సంగతి వదినకు కూడా చెప్పలేదు.

కిందటి వారం ఉత్తరం వచ్చింది. ఇంకోచోట ఫొటోలు తీసి కొలిచినవాళ్లకు సూర్యుడు ఎప్పట్లాగే ఉన్నాడట. ముగ్గురు పండితులు వచ్చి ఈ యంత్రాన్ని, పుస్తకాన్ని పరీక్షిస్తారట. రేపే. మొదటి పదిహేడేళ్ల అసలు అంకెలు వాళ్ల ముందు పడేస్తే చాలు, పెద్దసారు పేరు బజారున పడుతుంది. తన ఉద్యోగమూ పోతుంది, పోనీ. చేతులెత్తేసే వయసులో ఉద్యోగం ఉంటేనేం, ఊడితేనేం.

మధ్యాహ్నానికి పావుగంట ముందు మెట్లమీద కర్ర చప్పుడైంది. పంతొమ్మిది మెట్లు. ఏడో మెట్టు దగ్గర ఒకసారి, పదమూడో మెట్టు దగ్గర ఒకసారి ఆగాడు. ఆ ఆయాసం వినడం అంకెలాయనకు రోజూ ఒక చిన్న పండగ. పెద్దసారు గడ్డమిప్పుడు తెల్లబడింది. చొక్కా గుండీ ఒకటి తప్పి పెట్టుకున్నాడు. తలుపు పట్టుకుని తడుముకుంటూ వచ్చి, వాలుకుర్చీలో కూలబడ్డాడు.

“ఏమయ్యా అంకెలూ, మబ్బుందా?”

“లేదండీ. కడిగినట్టుంది.”

తొమ్మిదేళ్లుగా ఇదే ప్రశ్న. తల ఎత్తితే కనిపించేదానికి కూడా నౌకరును అడగాలా అని అంకెలాయన పళ్లు నూరుకునేవాడు. ఇవాళ నూరుకోలేదు. పైకప్పు తలుపు తాడు లాగి తెరిచాడు. ఎండ గొట్టంమీద పడింది. పెద్దసారు కన్ను ఆనించాడు. మర అంచున బొటనవేలు పెట్టి నెమ్మదిగా తిప్పుతున్నాడు. పెదవులు కదులుతున్నాయి. అంకెలాయన నిచ్చెనమీద భూతద్దానికి కన్ను పెట్టి ఎదురుచూశాడు. ఎంతకీ ‘ఆఁ’ రాలేదు.

“అంకెలూ, కిందికి దిగు. నీతో మాట్లాడాలి.”

దిగాడు.

“రేపు వాళ్లు నన్ను ఇక్కడ కూర్చోబెట్టి కొలవమంటారట. మర వాళ్లే ఎక్కడికో తిప్పేసి ఇస్తారట, మొదటికంటా వెనక్కి తిప్పనివ్వరట.” పెద్దసారు గొంతు తగ్గించాడు. “నావల్ల కాదయ్యా. ఈ గొట్టంలో నాకు సూర్యుడు కనిపించి తొమ్మిదేళ్లయింది.”

అంకెలాయన వంగి ఆ కళ్లలోకి చూశాడు.

“ఎండను చూసి చూసి కళ్లు పోయాయి. నీ మొహం కూడా మసకమసగ్గా ఉంటుంది. ఎవరికీ చెప్పలేదు.”

“మరి రోజూ కొలిచింది?”

“గాట్లు! అడ్డు తగిలేదాకా మర వెనక్కి తిప్పుతాను. అక్కణ్ణించి బొటనవేలితో లెక్కపెట్టుకుంటూ వస్తాను. ఏ నెలకెన్ని గాట్లో నాకు కంఠతా వచ్చు. ఏటా ఎంత తగ్గాలో కనిపెట్టింది నేనే కదా!” ఆయన గర్వంగా నవ్వి, దగ్గాడు. “నువ్వు ఆ గాట్లు అంత శుభ్రంగా ఉంచకపోతే ఏనాడో దొరికిపోయేవాణ్ణి. నన్నిన్నాళ్లు కాపాడింది నువ్వే. నేనెరిగిన మనుషుల్లో నన్ను మోసం చెయ్యనివాడివి నువ్వొక్కడివే.”

తొమ్మిదేళ్ల భయం అంకెలాయన ఒంట్లోంచి ఒక్కసారిగా దిగిపోయింది. సూర్యుడికేమీ కాలేదు. ముసలాడు తాను చదివిన అబద్ధాన్నే వేళ్లమీద లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు, అంతే! ఆ లెక్క తప్పకుండా తానే రోజూ గోటితో గాట్లు కడిగి పెట్టాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ రెంటికంటే ముందు కక్ష పైకొచ్చింది. రేపటిదాకా ఆగడం ఎందుకనిపించింది. చీర ముక్క విప్పి పుస్తకాన్ని పెద్దసారు ఒళ్లో పెట్టాడు.

“ఇదేంటి?”

“అసలు అంకెలండీ. మొదటి పదిహేడేళ్లవి చూపిస్తే చాలు. అప్పుడు మీకు కళ్లుండేవి.” వేలితో అట్టమీద తట్టాడు. “మీరు చూసినన్నాళ్లూ సూర్యుడు వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. నేను తగ్గించి చదివాను. మీ పతకం నేను చేయించిందే.”

పెద్దసారు పుస్తకాన్ని తడిమాడు. అట్టను, అంచులను, మూలలను. అంకెలాయన ఆ మొహంలోకి ఆశగా చూశాడు. ఆ కండరాలు కూలిపోవడం చూడాలని ఇరవయ్యారేళ్లు కాచుకున్నాడు. ముసలి మొహం నిజంగానే కూలింది, కాని చూడ్డానికి అనుకున్నంత రుచిగా లేదు.

“ఎందుకయ్యా?”

“మా అన్న కోసం.”

“ఏ అన్న?”

అంకెలాయనకు ఎవరో ఛాతీమీద తన్నినట్లయింది. “అద్దం కోసినాయన. మీరు తీయించేసినాయన.”

“ఆఁ ఆఁ... పొడుగ్గా ఉండేవాడు. మీ అన్న కదూ.” పెద్దసారు నుదురు రుద్దుకున్నాడు. “ఆ అద్దం నా చేతిలోంచే జారింది. చెప్పాననుకుంటానే.”

“ఎవరికి చెప్పారు?”

“ఎవరికో చెప్పే ఉంటాను. అంత చిన్నదాన్ని దాచుకోవడమెందుకు?”

ఇరవయ్యారేళ్లుగా ఈ మనిషి పక్కమీద దొర్లుతుంటాడని, ఆ పెచ్చు కలలోకొచ్చి ఉలిక్కిపడుతుంటాడని అంకెలాయన ఊహించుకునేవాడు. ఆ ఊహే అన్నంలా తిని బతికాడు. ఈయనేమో హాయిగా మరిచిపోయాడు! చేతులు ఆ సన్నటి మెడవైపు లేచాయి. లేచిన చేతులకు ఏం పని చెప్పాలో తెలియక వేధశాల పుస్తకం తీసి, ఇవాళ్టి పేజీ తెరిచి, వాలుకుర్చీ చేతిమీద పెట్టాడు.

“రాయండి.”

“ఏమని?”

“ఇప్పుడన్నారే, అదే. అద్దం మీ చేతిలోంచి జారిందని, కోసినాయన తప్పు లేదని. కింద సంతకం పెట్టండి. మా వదిన బతికుండగా చదివి వినిపించాలి.”

పెద్దసారు వాదించలేదు. “రాస్తాను. ఎలాగూ రేపటితో అన్నీ పోయేవే, ఇదొక్కటి ఉండనీ” అన్నాడు. అంకెలాయన ఇచ్చిన కలాన్ని తోసేసి జేబులోంచి తన కలం తీశాడు. పతకంతోపాటు ఇచ్చిన నల్లని కలం. మూత తీయడానికి మూడుసార్లు ప్రయత్నించాడు. ఎడమచేతి వేలిని పేజీ అంచున పెట్టి, దాని ఆనవాలుతో పాళీని ఆనించాడు.

“నువ్వలా మీద నిలబడితే రాయలేనయ్యా.”

ఎండ అప్పటికే జరిగి అద్దాల చట్రం మీద పడుతోంది. ఆ రెండు సగాలూ వేడెక్కకూడదు. అంకెలాయన పైకప్పు తలుపు మూయబోతే తాడు చక్రంలో ఇరుక్కుంది. నిచ్చెన జరిపి, ఎక్కి, ముడి విప్పుతూ వెనక్కి చెవి ఒగ్గాడు. పాళీ చప్పుడు వినిపిస్తోంది. మొదట మెత్తగా, తర్వాత గరగరమని. కాగితం చిరిగేంత నొక్కి రాస్తున్నాడు. ఆ గరగర ఆయన చెవుల్లో తేనె పోసినట్లుంది. ఇప్పటికి కదూ మనసు పెట్టి రాస్తున్నాడు అనుకున్నాడు. అన్న కనిపించాడు, బడ్డీలో తలొంచుకుని ఎవరి కళ్లద్దాలో ఊదుతూ. వదినకు ఈ కాగితం ఎలా చదవాలో, ఎక్కడ ఆగాలో కూడా ఆలోచించుకున్నాడు. గరగర ఇంకా కాసేపు సాగి, ఒక పొడుగుపాటి గీతతో ఆగిపోయింది. సంతకమన్నమాట.

ముడి విడిపోయింది. పైకప్పు తలుపు మూసి దిగి వచ్చేసరికి పెద్దసారు తల పక్కకు వాల్చి ఉన్నాడు. నోరు కొద్దిగా తెరుచుకుంది. కలం వేళ్లమధ్యనే ఉంది. గుండీ తప్పిన చొక్కా కదలడం లేదు. అంకెలాయన ముందు పుస్తకమే అందుకున్నాడు. ఆ తర్వాతే ముక్కుదగ్గర వేలు పెట్టాడు. ఊపిరి లేదు.

పేజీమీద నల్లగా, పెద్దపెద్ద అక్షరాలతో ‘ఆ సగం అద్దం’ అని ఉంది. అంతే. ఆపైన సిరా లేదు. ఎన్నాళ్లుగానో నింపని కలం మూడో మాట దగ్గరే ఎండిపోయింది, ముసలాడికది కనిపించలేదు. మిగతా పేజీ అంతా ఉత్త పాళీ గీసిన గాడులు, వేలికి తగిలేవేగాని కంటికి సరిగా ఆనేవి కావు.

అంకెలాయన తన కలం తీశాడు. ఆ గాడులవెంట సిరా పోసుకుంటూ వెళ్తే పది నిమిషాల పని. పాళీని నాలుగో మాటకు ఆనించబోయి ఆగాడు. ఈ పుస్తకంలో ఇన్నేళ్లూ దొంగ అంకెలు రాసిన చెయ్యి ఇదే. చనిపోయినవాడి పక్కన కూర్చుని అదే చేత్తో పోసిన సిరాను ఎవడు నమ్ముతాడు? ముగ్గురు పండితులు కాదుకదా, దర్జీ కూడా నమ్మడు. అన్నను ముంచిన ఆ రెండు ముక్కలూ మళ్లీ గొంతులో గుచ్చుకున్నాయి. “ఇంకొక్క చుక్క... ఇంకొక్క చుక్క సిరా ఉంటే నీ సొమ్మేం పోయేదిరా” అని శవాన్ని పట్టుకుని కుదిపాడు. ఆ మనిషిని ‘రా’ అనడం అదే మొదటిసారి. తర్వాత తప్పిపోయిన గుండీ విప్పి సరిగ్గా పెట్టి, మెట్లు దిగి కిందివాళ్లకు చెప్పాడు.

నలుగురు వచ్చి పెద్దసారును మోసుకెళ్లారు. పంతొమ్మిది మెట్లూ దిగేదాకా వాళ్ల అడుగుల చప్పుడు వినిపించింది. అంకెలాయన మూత తీయని క్యారేజీ, చీర ముక్కలో చుట్టిన తన పుస్తకం చంకన పెట్టుకుని, వదినకు ఏం చెప్పాలో తెలియక గుమ్మంలో చాలాసేపు నిలబడి, వెళ్లిపోయాడు.

వాలుకుర్చీ చేతిమీద వేధశాల పుస్తకం తెరిచే ఉంది. సాయంత్రపు వెలుగు కిటికీలోంచి పక్కగా పడినంతసేపు ఆ పేజీమీద సిరా లేని అక్షరాలు సంతకం దాకా ఒక్కొక్కటే స్పష్టంగా లేచి నిలబడ్డాయి, వెలుగు తప్పుకున్నాక మొదటి మూడు మాటలు తప్ప కాగితమంతా తెల్లగా ఉండిపోయింది.